పెద్దవాళ్లకు మంచం మీంచి లేవగానే కళ్లు ఎందుకు తిరుగుతాయి?

పడుకుని ఒక్కసారిగా లేచి నిలబడినప్పుడు బీపీ పడిపోవడమే చాలామంది పెద్దవాళ్లలో దీనికి ముఖ్య కారణం.

నిలబడగానే అర లీటరుకు పైగా రక్తం కాళ్లలోకి, పొట్టలోకి దిగుతుంది. వయసులో ఉన్నప్పుడు నరాలు వెంటనే రక్తనాళాలను బిగించి, గుండె వేగం కాస్త పెంచి సర్దేస్తాయి. 70 దాటాక చాలామందిలో ఆ స్పందన మందగిస్తుంది. మెదడుకు కొన్ని క్షణాలు రక్తం చాలదు. బీపీ మాత్రలు, ప్రోస్టేట్‌కి వాడే టామ్సులోసిన్, ఏళ్లనాటి షుగరు, రాత్రి లేవాల్సి వస్తుందని నీళ్లు తగ్గించడం దీన్ని ఇంకా పెంచుతాయి.

పడుకున్నప్పుడు 140/80 ఉన్న నాన్నగారికి, నిలబడిన 3 నిమిషాల్లోపు 115/70 వచ్చిందనుకోండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే డాక్టర్లు దీన్ని పట్టించుకోవాల్సిన సమస్యగానే చూస్తారు. అర్ధరాత్రి బాత్రూంకి లేచి పడిపోయి తుంటి ఎముక విరగ్గొట్టుకునేవాళ్లలో ఇలాంటివాళ్లు ఉంటారు. అందుకే లేచేముందు కాళ్లు కిందికి వేసి, పాదాలు ఆడిస్తూ ఒకటి రెండు నిమిషాలు మంచం అంచున కూర్చోవాలి.

కూర్చోబెట్టి చూస్తే బీపీ నార్మలే కదా, ఇది నీరసమే అనుకుని సెలైన్ పెట్టించేవాళ్లు ఎక్కువ. కూర్చుని చూసిన రీడింగులో ఈ తేడా చాలాసార్లు బయటపడదు. కొందరు భయపడి బీపీ మాత్ర సొంతంగా మానిపించేస్తారు, అది ఇంకా ప్రమాదం. పడుకున్నప్పటి, నిలబడ్డప్పటి రీడింగులు రెండూ రాసి డాక్టరుకు చూపించండి. ఏ మాత్ర తగ్గించాలో ఆయనే చెప్తారు.