ఎలుక కదలకపోతే భయమేనా?

అమ్మాయీ,

నేర్చుకున్న భయం బయటపడడంలో డోపమైన్ అనే మెదడు రసాయనం పాత్ర మీద పని మొదలుపెడుతున్నానని రాశావు. చాలా సంతోషం. డోపమైన్ అంటే ఆనందమే కదా, భయంతో దానికేం పని అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. నవ్వి ఊరుకో.

ఏ మందు వాడాలని అడిగావు. ఎప్పుడు ఇవ్వాలన్నది ముందు తేల్చుకో. ఒక శబ్దం వినిపించి పాదాలకు చిన్న షాక్ ఇస్తే, మర్నాడు ఆ శబ్దం ఒక్కటి విన్నా ఎలుక బిగుసుకుపోతుంది. డోపమైన్‌ను అడ్డుకునే మందు షాక్‌కు ముందు ఇస్తే నువ్వు చూసేది నేర్చుకోవడాన్ని. మర్నాడు టెస్టుకు ముందు ఇస్తేనే భయం బయటపడడాన్ని చూసినట్టు. భయం తగ్గిందనుకో, ఆ మర్నాడు మందు లేకుండా మళ్లీ టెస్టు పెట్టు. భయం తిరిగి వస్తే జ్ఞాపకం చెక్కుచెదరలేదన్నమాట. టెస్టు మాత్రం సాగదీయకు. షాక్ లేని శబ్దం పదేపదే వింటే భయం దానంతటదే తగ్గుతుంది, అందులోనూ డోపమైన్ చెయ్యి ఉంది.

అసలు చిక్కు కొలతలో ఉంది. డీ2 రిసెప్టర్‌ను, అంటే కణం మీద డోపమైన్ అతుక్కునే ఒక రకం చోటును, అడ్డుకునే హాలోపెరిడాల్ లాంటి మందులు ఎక్కువైతే ఎలుక భయమేమీ లేకపోయినా కొయ్యలా ఉండిపోతుంది. డోపమైన్‌ను పెంచే యాంఫెటమైన్ ఇస్తే భయపడుతూనే అటూఇటూ తిరగొచ్చు. కదలకపోవడం ఒక్కటే లెక్కపెట్టి భయం పెరిగింది, తగ్గింది అని రాసిన పేపర్లను నేను అంత తేలిగ్గా నమ్మను. ఉలికిపాటు కూడా కొలువు. పెద్ద చప్పుడుకు ఎలుక ఎలాగూ ఉలిక్కిపడుతుంది, షాక్‌ను గుర్తుచేసే సంకేతం ఉన్నప్పుడు ఇంకా గట్టిగా ఉలిక్కిపడుతుంది. ఆ తేడాయే నీకు కావలసింది. సంకేతం లేనప్పటి ఉలికిపాటు మారకుండా తేడా మాత్రమే పోతే, అప్పుడు భయం గురించి మాట్లాడొచ్చు. 1998లో మెదడులో భయానికి కీలకమైన అమిగ్డలా అనే భాగంలోకి, డీ1 అనే మరో రకం డోపమైన్ రిసెప్టర్‌ను అడ్డుకునే ఎస్‌సీహెచ్ 23390 అనే మందు ఎక్కించి భయం బయటపడకుండా ఆపగలిగింది ఈ పద్ధతిలోనే.

మందు ఒంటికంతటికీ ఇస్తే అది ఎక్కడ పనిచేసిందో తెలియదు. మధ్య మెదడులోని వీటీఏ అనే చోటి నుంచి డోపమైన్ అమిగ్డలాకూ వెళ్తుంది, ముందు భాగంలోని కార్టెక్స్‌కూ వెళ్తుంది. అందుకే నేరుగా అమిగ్డలాలోకే ఎక్కించు. చివర్లో మెదడు ముక్కలు కోసి, రంగు వేసి, మందు ఎక్కించిన గొట్టం కొన ఎక్కడ ఆగిందో చూడు. గురి తప్పినవాటిని పక్కన పెట్టడం ఏ ఎలుకకు మందు, దేనికి సెలైన్ అన్న కోడ్ విప్పకముందే అయిపోవాలి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు