కొత్త క్రాస్ వేశాక కూడా రెండో గేరు ఎందుకు జారుతోంది?

మీరు రాసింది నాకు అర్థమైనంత వరకు ఇదీ: పాత వెస్పా పీఎక్స్ స్కూటర్ ఇంజన్ విప్పారు, గేర్ క్రాస్ (గేరును యాక్సిల్‌కు పట్టించే నాలుగు చేతుల ముక్క), బేరింగులు, ఆయిల్ సీళ్లు కొత్తవి వేసి బిగించారు. అయినా రెండో గేరులో యాక్సిలరేటర్ కాస్త తిప్పగానే టక్‌మని న్యూట్రల్‌లో పడుతోంది. కేబుళ్లు ఎలా సర్దుకోవాలని అడిగారు.

కేబుళ్ల సంగతి కాసేపు పక్కన పెట్టండి. గేర్ల పక్క ప్లే, అంటే అవి పక్కకు కదిలే సందు, ఎంతుందో ఫీలర్ గేజ్‌తో (సందులు కొలిచే పలుచని రేకులతో) కొలిచారా? ఏమేం మార్చారో అంతా రాశారు గానీ ఆ ఒక్క మాట రాయలేదు. కొలవలేదనే అనుకుంటున్నాను, ఎందుకంటే నేనూ కొలవలేదు.

మాది నాన్న నడిపిన బండి. నా చేతికొచ్చేసరికి రెండో గేరు అప్పుడప్పుడు జారేది. ఇంజన్ విప్పి చూస్తే క్రాస్ నాలుగు చేతుల అంచులూ వాడిన సబ్బు బిళ్లలా గుండ్రంగా అరిగిపోయి ఉన్నాయి. జబ్బు దొరికిందని సంబరపడి కొత్త క్రాస్ వేసి మూసేశాను. రెండు వందల కిలోమీటర్ల దాకా బండి చక్కగా నడిచింది. తర్వాత ఒకరోజు మా చెల్లెలు వెనక కూర్చుని ఉండగా ఎత్తు ఎక్కుతున్నాం. టక్ అని చప్పుడు, చేతిలో గ్రిప్ దానంతటది తిరిగింది, ఇంజన్ ఒక్కసారి అరిచింది, బండి ఆగిపోతోంది. వెనకే లారీ. ఆ డ్రైవర్ బ్రేకు తొక్కాడు కాబట్టి సరిపోయింది. అందుకే ఈ గేరు జారడాన్ని చిన్న ఇబ్బందిగా తీసుకోవద్దని ఎవరడిగినా గట్టిగా చెబుతాను.

ఆ తర్వాత వారం రోజులు కేబుళ్లతోనే సరిపోయింది. ఒకటి బిగించడం, రెండోది వదలడం, ఒక చుట్టు తిరగడం, మళ్లీ మొదలు. తర్వాత సెలెక్టర్ బాక్స్ (కేబుళ్లు లాగితే క్రాస్‌ను జరిపేది) మార్చాను. లాభం లేదు. ఈలోపు చూసినవాళ్లందరూ చిక్కటి ఆయిల్ పోయమని సలహా. ఈ సలహా వింటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. ఈ బండిలో క్లచ్ ప్లేట్లు కూడా గేర్‌బాక్స్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. ఎస్ఏఈ 30 ఆయిల్, 250 మిల్లీలీటర్లు, అంతే. అంతకంటే చిక్కటిది పోస్తే చల్లగా ఉన్నప్పుడు ప్లేట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి, క్లచ్ నొక్కినా పూర్తిగా విడవదు, గేరు వేసినప్పుడల్లా కొత్త క్రాస్ అంచు దెబ్బ తింటుంది. చప్పుడు కాస్త తగ్గొచ్చు గానీ అరుగుదల ఆగదు. కార్లకు పోసే జారుడు మందులు కలిపిన ఆయిల్ పోస్తే క్లచ్చే స్లిప్ అవుతుంది.

మళ్లీ విప్పాను. ఈ బండితో వచ్చిన చిక్కే అది: గేర్లు చూడాలంటే ఇంజన్ కేసును రెండుగా విడదీయాల్సిందే. లాంబ్రెట్టా స్కూటర్ ఉన్నవాళ్లకు ఈ బాధ లేదు. పక్క కవరు తీసి, గేర్‌బాక్స్ ఎండ్ ప్లేట్ విప్పితే షిమ్ (ఈ సందును సర్దే రింగు) చేతికొస్తుంది.

ఆ రాత్రి టార్చ్ పెట్టుకుని, గేర్లు యాక్సిల్ మీద అలాగే ఉండగా, చివరి గేరుకీ దాని మీది రింగుకీ మధ్య ఫీలర్ గేజ్ రేకు దూర్చాను. ఉండాల్సింది 0.15 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య. 0.30 రేకు గాలిలో కదిలినట్టు కదిలింది. 0.40 కూడా సులువుగానే వెళ్లింది. 0.50 పెడితే అప్పుడు కాస్త పట్టు తగిలింది. దానికి ఎదురుగా అవతలి పక్కన ఇంకో రేకు పెట్టి చూసినా అదే అంకె. తర్వాత రెండు వందల కిలోమీటర్ల కిందట వేసిన కొత్త క్రాస్ బయటికి తీసి వెలుగులో తిప్పాను. రెండో గేరు వైపు అంచులు నాలుగూ అద్దంలా మెరుస్తున్నాయి. అప్పుడే మూలలు పోవడం మొదలైంది. రెండో గేరు లోపలి గాళ్ల మీద గోరు పెట్టి లాగితే జారిపోయింది. మూడో గేరు గాళ్ల మీద అదే గోరు పట్టుకుంది.

ఇది ఎందుకు జరుగుతుందో ఒక్క నిమిషం ఊహించుకోండి. నాలుగు గేర్లూ యాక్సిల్ మీద వదులుగా తిరుగుతుంటాయి. యాక్సిల్ బోలుగా ఉంటుంది, దాని చీలికల్లో క్రాస్ అటూ ఇటూ జరుగుతుంది. ఏ గేరు గాళ్లలో క్రాస్ చేతులు కూర్చుంటే ఆ గేరే చక్రాన్ని తిప్పుతుంది. క్రాస్ ఎక్కడ ఆగాలో సెలెక్టర్ చెబుతుంది, కానీ గేర్లు ఎక్కడ ఉండాలో ఆ పైనున్న రింగు చెబుతుంది. రింగు పలచబడితే గేర్ల వరసంతా పక్కకు జరుగుతుంది, క్రాస్ చేయి గాడిలో సగమే దిగుతుంది. యాక్సిలరేటర్ తిప్పగానే బరువంతా ఆ సగం అంచు మీద పడుతుంది. కొత్త క్రాస్ అయినా ఎన్నాళ్లు ఆగుతుంది?

మందం ఎక్కువున్న రింగు తెచ్చి, దాన్ని పట్టి ఉంచే సర్‌క్లిప్ తీసి మార్చాను. ఇప్పుడు ప్లే 0.20. రెండో గేరు, క్రాస్ కూడా మళ్లీ కొత్తవే వేశాను. మూడూ ఒకేసారి మారిస్తే అసలు జబ్బు ఏదో ఎలా తెలుస్తుందని మీరు అడగొచ్చు. నాకు అనుమానం లేదు, అది ప్లేయే. ఆ తర్వాత అదే ఎత్తును ఇద్దరం కూర్చుని రెండో గేరులో ఎన్నిసార్లు ఎక్కామో లెక్కలేదు, ఒక్కసారి కూడా జారలేదు.

మీరు క్రాస్ కొనేటప్పుడు ఇంకొకటి చూశారా? 1977లో వచ్చిన తొలి పీఎక్స్‌లకు చదునైన క్రాస్, తర్వాతి ఈఎఫ్‌ఎల్ మోడళ్లకు వంపు ఉన్న క్రాస్. ఒకదాని బదులు ఇంకొకటి వేయకూడదు. పాతదాన్ని పక్కన పెట్టి పోల్చండి. క్రాస్‌ను పట్టుకునే రాడ్డుది ఎడమ మర. మామూలు మర అనుకుని తిప్పితే ఊడుతోందనుకుంటూ ఇంకా బిగిస్తారు, చివరికి మర పాడవుతుంది. క్లస్టర్ (ఒకే ముక్కగా ఉండే గేర్ల గుత్తి) లోపలి సూదుల్లాంటి నీడిల్ రోలర్లు విడివిడిగా ఉంటాయి కాబట్టి తీసేటప్పుడు లెక్కపెట్టుకుని, గ్రీజుతో అంటించి పేర్చండి. వీడియోల్లో ఇవన్నీ చూపిస్తారు, రింగు కొలిచే చోటికి వచ్చేసరికి వేగంగా తిప్పేస్తారు. అసలు పని అక్కడే ఉంది.

ఇంజన్ విప్పే ముందు ఒక పరీక్ష మాత్రం చేయండి. ఇంజన్ ఆపి, సెలెక్టర్ దగ్గర రెండు కేబుళ్లూ విప్పేయండి. వెనక చక్రాన్ని మెల్లగా తిప్పుతూ సెలెక్టర్‌ను చేత్తోనే మార్చి చూడండి. ప్రతి గేరు దగ్గరా గట్టిగా టిక్ అని కూర్చుంటే సెలెక్టర్ బాగున్నట్టే. అక్కడే తడబడితే కేబుల్ ఎంత సర్దినా లాభం ఉండదు.

మీరు అడగకపోయినా ఇంకో మాట చెప్పాలి. క్రాస్ అంచు గుండ్రం అయ్యేది ఎక్కువగా మన ఎడమ చేతి వల్లే. తొలి వెస్పాను గీసిన కొరాడినో దాస్కానియో విమానాల ఇంజనీరు. గేరును కాలికి కాకుండా హ్యాండిల్‌కే పెట్టాడు. క్లచ్, గేరు రెండూ ఒకే చేతిలో ఉండటంతో చాలామంది క్లచ్ సగమే నొక్కి గ్రిప్ తిప్పేస్తారు. నాన్న కూడా అలాగే తిప్పేవారు. గేరు కూర్చోక ముందే క్లచ్ వదిలేసేవారు. బాగు చేశాక బండి ఆయన చేతికిచ్చి, "నాన్నా, పూర్తిగా నొక్కు, ఒక్క క్షణం ఆగి వదులు" అన్నాను. "ముప్పై ఏళ్లుగా నడుపుతున్నా, నాకు నేర్పిస్తావా?" అన్నారు. అయినా నొక్కారు. సందు చివరి దాకా వెళ్లి వచ్చి, "వెన్నలా పడుతోందిరా" అన్నారు. ఇప్పటికీ అలాగే నొక్కుతున్నారు.

కేసు విప్పాక ఫీలర్ గేజ్‌తో ప్లే ఎంత వచ్చిందో, క్రాస్ రెండో గేరు వైపు అంచు ఎలా ఉందో ఇక్కడే రాయండి. ఆ అంకె చూశాకే ఏ రింగు కావాలో చెప్పగలను.