మస్క్ తీరు నచ్చక టెస్లా అమ్మేద్దామనుకుంటే: లెక్కలు, కాగితాలు, యాప్‌లో చేయాల్సిన పనులు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: టెక్సస్‌లో ఉంటున్నారు. 2022లో కొన్న మోడల్ వై లాంగ్ రేంజ్ ఉంది. 3.5% వడ్డీ లోనులో ఇంకా 32 నెలలు, 29,200 డాలర్లు కట్టాలి. ఆన్‌లైన్‌లో వచ్చిన ఆఫర్ 26,500. ఎలాన్ మస్క్ మాటలు, చేతలు చూశాక ఆ బండి ఎక్కడానికే మనసొప్పట్లేదు. తేడా 2,700 జేబులోంచి పెట్టుకుని అయినా వదిలించుకోవాలా అని అడుగుతున్నారు.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. ఈ బండి మీరు అమ్మినందువల్ల మస్క్‌కి పోయేదేమీ లేదు. టెస్లాకి రావాల్సిన డబ్బు 2022లోనే చేరిపోయింది. ఇప్పుడు మీరు నెలనెలా కడుతున్నది బ్యాంకుకి. మీ దగ్గర కొన్నవాళ్లు మళ్లీ చార్జింగుకీ రిపేరుకీ టెస్లా దగ్గరికే వెళ్తారు. అందుకని మీ బాధ ఏ రకందో తేల్చుకోండి. "నా డబ్బు ఆయనకి చేరకూడదు" అన్నదైతే బండి అమ్మనక్కర్లేకుండానే చేయాల్సినవి చాలా ఉన్నాయి. "ఆ బొమ్మ ఉన్న బండిలో పిల్లల్ని స్కూల్లో దింపడం ఇష్టం లేదు" అన్నదైతే అమ్మండి, అదేం చిన్న కారణం కాదు. కాకపోతే రెండోదానికి ఖరీదు ఉంటుంది, అది మొత్తం మీదే.

మొదటి రకం సంగతి చూద్దాం. నెలనెలా టెస్లాకి మీ కార్డు నుంచి ఏం పోతోందో యాప్ తెరిచి చూడండి. ఎఫ్‌ఎస్‌డీ (బండి తనంతట తాను నడవడానికి సాయపడే సాఫ్ట్‌వేర్) చందా 99 డాలర్లు, ప్రీమియం కనెక్టివిటీ 9.99. రెండూ ఉంటే ఏడాదికి 1,300 దాటుతుంది. కనెక్టివిటీ తీసేస్తే పోయేవి మ్యాపులో ట్రాఫిక్ రంగులు, శాటిలైట్ బొమ్మ, పాటలూ వీడియోలూ, ఫోన్లో సెంట్రీ (ఆగి ఉన్న బండికి కాపలా కాసే) కెమెరా లైవ్‌గా చూడటం. నావిగేషన్ పోదు. పాటలకి ఫోన్ హాట్‌స్పాట్ చాలు. సెంట్రీ రికార్డింగు గ్లవ్ బాక్సులోని యూఎస్‌బీలోకి వెళ్తుంది, దానికి చందాతో పని లేదు. టెస్లా ఇన్సూరెన్స్ ఉంటే రెన్యువల్ తేదీకి వేరే కంపెనీకి మారండి. ఇంట్లో చార్జ్ చేస్తే డబ్బు కరెంటు కంపెనీకి పోతుంది, సూపర్‌చార్జర్ దగ్గర చేస్తే టెస్లాకి. టైర్లు, వైపర్లు బయట దొరుకుతాయి. కేబిన్ ఫిల్టర్లకి సర్వీస్ సెంటర్ అక్కర్లేదు: ఏసీ ఆపి, ముందు ప్యాసింజర్ కాళ్ల దగ్గర కన్సోల్ పక్క ప్యానెల్ లాగితే లోపల మూతకి ఒకే ఒక టీ20 స్క్రూ ఉంటుంది. రెండు ఫిల్టర్లు ఒకదాని మీద ఒకటి. తీసేటప్పుడు బాణం గుర్తు ఎటు ఉందో చూసుకుని కొత్తవీ అలాగే పెట్టండి. తిరగేసి పెట్టేవాళ్లు చాలామంది ఉంటారు.

ఇంకో చిన్న మాట, నవ్వుకోవడానికే. మీ 401కే రిటైర్మెంట్ ఖాతా డబ్బు, అమెరికా పెద్ద కంపెనీలన్నీ ఉండే ఎస్ అండ్ పీ 500 ఇండెక్స్ ఫండులో ఉంటే మీరు టెస్లా వాటాదారులే. 2020 డిసెంబరు నుంచి ఆ కంపెనీ అందులో ఉంది. బండి అమ్మేసి బరువు దిగిందనుకునేవాళ్లలో చాలామందికి ఈ సంగతి గుర్తుండదు.

ఇక ధర. ఆఫర్ ఇంత తక్కువగా ఉండటానికి మస్క్ రాజకీయమే కారణం అని అందరూ అంటారు. కొంత నిజమే. 2022 అక్టోబరులో 44 బిలియన్లకి ట్విట్టర్ కొన్నప్పటి నుంచి గొణుగుడు మొదలై, 2025 జనవరి 20న ట్రంప్ ప్రమాణ స్వీకారం రోజు వేదిక మీద మస్క్ చేసిన చేతి సంజ్ఞ, ఆ తర్వాత ప్రభుత్వ ఖర్చులు కోసిన డోజ్ వ్యవహారంతో షోరూముల ముందు నిరసనల దాకా వెళ్లింది. సెనెటర్ మార్క్ కెల్లీ తన టెస్లా వదిలేశారు, గాయని షెరిల్ క్రో అమ్మేశారు. టెస్లా డెలివరీలు 2023లో 18 లక్షల 8 వేలు, 2024లో 17 లక్షల 89 వేలు, 2025లో ఇంకా తగ్గాయి. అయినా మీ బండి విలువకి తగిలిన అతి పెద్ద దెబ్బ ఇవేవీ కాదు. 2022 చివర్లో మోడల్ వై లాంగ్ రేంజ్ 65,990. 2023 జనవరిలో కంపెనీ ఒక్కసారిగా 52,990కి దించింది. రాత్రికి రాత్రి కొత్త బండే 13,000 తగ్గితే పాతదాని గతి చెప్పక్కర్లేదు. దానికి తోడు వాడిన విద్యుత్ కార్ల మీద 4,000 డాలర్ల ఫెడరల్ క్రెడిట్ 2025 సెప్టెంబరు 30తో పోయింది. మీది హార్డ్‌వేర్ 3 బండి, అంటే ఎఫ్‌ఎస్‌డీని నడిపే కంప్యూటర్ పాత తరానిది. ఎఫ్‌ఎస్‌డీ కొన్నవాళ్ల హార్డ్‌వేర్ 3 కంప్యూటర్లని మార్చాల్సి వస్తుందని 2025 జనవరిలో మస్కే ఒప్పుకున్నారు. తెలిసిన కొనుగోలుదారు దాన్ని పట్టుకునే బేరమాడతాడు.

మీ లెక్కలోకి వద్దాం. మీ నెల కిస్తీ సుమారు 957. ఉన్న లోను చివరిదాకా కడితే ఇంకా పోయే వడ్డీ 1,400 డాలర్లే. అదే ఇంకో బండికి 45,000 లోను, 6.5%, 60 నెలలు అంటే కిస్తీ 880, వడ్డీ మొత్తం 7,800. కిస్తీ తగ్గింది కదా అని సంబరపడకండి, 28 నెలలు ఎక్కువ కడుతున్నారు. 2,700 లోటుని కొత్త లోనులో కలిపేస్తామని డీలరు ఊరిస్తాడు. ఒప్పుకున్నారా, కొత్త బండి కూడా మొదటి రోజు నుంచే లోటులో ఉంటుంది. లోటు కట్టేటట్టయితే చేతినుంచే కట్టండి.

నన్నడిగితే ఏడాది ఆగమంటాను. పన్నెండు కిస్తీలు కడితే అప్పు 18,500 దగ్గరికి వస్తుంది. ఈలోగా బండి ఇంకో 7,000 పడిపోయి 19,500 అయినా వెయ్యి మీ చేతికే వస్తుంది. ఆగలేనంటే మాత్రం అమ్మే పద్ధతి మీద కొంత వెనక్కి రాబట్టుకోవచ్చు. టెక్సస్‌లో ట్రేడ్-ఇన్ (పాత బండి డీలరుకిచ్చి కొత్తది కొనడం) చేస్తే పాతదాని విలువ తీసేసి మిగతాదాని మీదే 6.25% పన్ను. అంటే 26,500 ట్రేడ్-ఇన్ వల్ల 1,656 డాలర్ల పన్ను తప్పుతుంది. కనుక ప్రైవేటుగా అమ్మితే 28,150 దాటి వస్తేనే లాభం. న్యూజెర్సీలో కూడా ఈ వెసులుబాటు ఉంది. కాలిఫోర్నియాలో లేదు, అక్కడివాళ్లు ఎవరు ఎక్కువిస్తే వాళ్లకి అమ్ముకోవచ్చు. ఆన్‌లైన్ ఆఫర్లు కనీసం మూడు ఒకే వారంలో తీసుకోండి. పాత కార్లు కొనే కార్‌మ్యాక్స్ కంపెనీ ఆఫర్ ఏడు రోజులే చెల్లుతుంది. ముందు నెల తీసుకున్న కాగితం పట్టుకెళ్తే ఎవరూ ఒప్పుకోరు.

లీజు వాళ్లకి ఇంత తలనొప్పి లేదు. 2024 నవంబరు చివరికి ముందు తీసుకున్న లీజుల్లో చాలావాటికి బండి కొనుక్కునే హక్కే లేదు. గడువు రాగానే తాళాలిచ్చి వచ్చేయడమే. మధ్యలో తెంచుకుంటే మిగిలిన కిస్తీల్లో చాలా భాగం కట్టించుకుంటారు. కోపం ఎంతున్నా ఆగడమే మేలు.

అమ్మేముందు చేయాల్సినవి. యాప్‌లోంచి సర్వీసు బిల్లులు, చార్జింగ్ చరిత్ర డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. బండి మీ ఖాతాలోంచి పోయాక అవి దొరకవు. బండి స్క్రీన్‌లో సర్వీస్ మెనూలో బ్యాటరీ హెల్త్ పరీక్ష ఉంటుంది. చార్జి 20% లోపు ఉండగా ఇంటి చార్జరుకి తగిలించి పెట్టాలి, ఒక్కోసారి రోజంతా పడుతుంది, ఆ టైములో బండి వాడకూడదు. వచ్చిన శాతం ఫొటో తీసి ప్రకటనలో పెట్టండి, బేరం సగం అక్కడే తెగుతుంది. బ్యాటరీ, డ్రైవ్ యూనిట్ల వారంటీ మీ మోడల్‌కి 8 ఏళ్లు లేదా 1,20,000 మైళ్లు, ఆలోగా బ్యాటరీ సామర్థ్యం 70% కన్నా కిందికి పోకూడదు. ఇది కొన్నవాళ్లకి బదిలీ అవుతుంది, ఆ ముక్క కూడా రాయండి. ఎఫ్‌ఎస్‌డీ డబ్బు పెట్టి కొని ఉంటే ట్రేడ్-ఇన్‌లో దానికి పెద్దగా ఏమీ కట్టరు. ప్రైవేటు అమ్మకంలోనే కాస్త విలువ.

లోను ఉండగా ప్రైవేటు అమ్మకం అంటే టైటిల్ (యాజమాన్య పత్రం) బ్యాంకు దగ్గర ఉంటుంది. బ్యాంకుని పది రోజుల పేఆఫ్ మొత్తం (లోను పూర్తిగా తీర్చడానికి కట్టాల్సింది) అడగండి. బ్యాంకు యాప్‌లో కనిపించే బ్యాలెన్సు అది కాదు, రోజువారీ వడ్డీ కలుస్తుంది. కొనేవాళ్ల డబ్బు నేరుగా బ్యాంకుకి వెళ్లేలా చూడండి. టైటిల్ చేతికొచ్చాక ఇద్దరూ కలిసి కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకి వెళ్లి టైటిల్ బదిలీ దరఖాస్తు 130-యూ ఫారం మీద సంతకాలు పెట్టి రావడం అన్నిటికన్నా క్షేమం. తర్వాత 30 రోజుల్లోగా టెక్సస్ వాహనాల శాఖ టీఎక్స్‌డీఎంవీకి వాహన బదిలీ నోటీసు ఇవ్వాలి. ఇవ్వకపోతే వాళ్ల టోల్ బిల్లులు, పార్కింగ్ ఫైన్లు మీ ఇంటికొస్తాయి.

ఎక్కువమంది తప్పు చేసేది యాప్ దగ్గర. వరస ఇది: ముందు చందాలన్నీ రద్దు చేయండి. గ్లవ్ బాక్సులో యూఎస్‌బీ తీసుకోండి, అందులో మీ ఇంటి గరాజ్ వీడియోలు ఉంటాయి. అద్దం మీద టోల్ ట్యాగ్ తీయండి. రెండు కీ కార్డులూ పనిచేస్తున్నాయో లేదో కొనేవాళ్ల ఎదుటే చూపించండి. తర్వాత స్క్రీన్‌లో సర్వీస్ మెనూలోంచి ఫ్యాక్టరీ రీసెట్. దీనికి మీ టెస్లా ఈమెయిల్, పాస్‌వర్డ్ అడుగుతుంది, కీ లోపలే ఉందో లేదో చూసుకోవడానికి బండి రెండుసార్లు తనంతట తాను ఆగి లేస్తుంది, కంగారు పడకండి. పాస్‌వర్డ్ గుర్తులేక పార్కింగ్ లాట్‌లో గంట నిలబడే అవస్థ రాకుండా ముందు రోజే లాగిన్ అయి చూసుకోండి. అన్నిటికన్నా చివర యాప్‌లో బండిని ఖాతా నుంచి తీసేసి, కొనేవాళ్ల ఈమెయిల్‌కి బదిలీ చేయండి. ఈ చివరి పని మర్చిపోతే వాళ్లు సూపర్‌చార్జర్‌కి తగిలించిన ప్రతిసారీ బిల్లు మీ కార్డుకే పడుతుంది. డీలరుకి ఇచ్చినా ఇదే వరస, "మేం చూసుకుంటాం" అంటే నమ్మకండి. ఇంట్లో పవర్‌వాల్ (టెస్లా ఇంటి బ్యాటరీ) ఉంటే కోపంలో ఖాతా మొత్తం డిలీట్ చేయొద్దు, దాని కంట్రోల్ కూడా ఆ ఖాతాలోనే ఉంది.

తర్వాత ఏ బండి? పూర్తిగా మచ్చలేని కంపెనీ కావాలంటే నడిచి వెళ్లాల్సిందే. హెన్రీ ఫోర్డ్ 1920లలో సొంత పత్రికలో యూదుల మీద విషం కక్కించాడు, 1927లో కోర్టు కేసు మీదికొచ్చాక క్షమాపణ చెప్పాడు. ఇప్పుడు ఫోర్డ్ కొనేవాళ్లకి ఆ ఊసే లేదు. 2025 నుంచి వచ్చిన హ్యుందాయ్ అయానిక్ 5కి టెస్లా తరహా సాకెట్టే ఉంటుంది, మీ ఇంట్లోని వాల్ కనెక్టర్ (టెస్లా గోడ చార్జరు) అడాప్టర్ లేకుండా సరిపోతుంది. యాప్‌లో దాన్ని "టెస్లాలకి మాత్రమే" అని పెట్టి ఉంటే మార్చండి. 60 ఆంప్ బ్రేకర్ మీద 48 ఆంప్‌లు, దాదాపు 11 కిలోవాట్లు వస్తాయి. దారిలో మాత్రం తేడా ఉంది. ఆ బండిది 800 వోల్టుల వ్యవస్థ, సూపర్‌చార్జర్లు ఎక్కువగా 400 తరగతివి. అందుకే 350 కిలోవాట్ల వేరే కంపెనీ చార్జర్ దగ్గర 10 నుంచి 80%కి 20 నిమిషాలు పట్టేది సూపర్‌చార్జర్ దగ్గర అరగంట అవుతుంది. పాత వీ2 (రెండో తరం) సూపర్‌చార్జర్ స్టేషన్లలో అసలు పని చేయదు. తక్కువ రేటు కావాలంటే టెస్లాకి నెలకి 12.99 సభ్యత్వం కట్టాలి. ఎవరిని వదిలించుకుందామనుకున్నామో మళ్లీ వాళ్లకే! 2022 నుంచి 2024 దాకా వచ్చిన అయానిక్ 5 వాడినది కొంటున్నట్టయితే చార్జింగును నడిపే ఐసీసీయూ అనే భాగానికి రీకాల్ (కంపెనీయే ఉచితంగా సరిచేయడం) ఉంది, విన్ నంబరుతో ఆ పని అయిందో లేదో చూశాకే అడ్వాన్స్ ఇవ్వండి.

2023 మార్చిలో ఆస్కార్ వచ్చిన మన పాటకి న్యూజెర్సీలో టెస్లాలన్నీ వరసగా నిలబడి లైట్లు ఆడించిన వీడియో మీరూ చూసే ఉంటారు. ఆ బళ్లలో చాలావాటి వెనక ఇప్పుడు "ఆయన సంగతి తెలియక ముందు కొన్నది" తరహా స్టిక్కర్లు ఉన్నా ఆశ్చర్యం లేదు. ఉంచుకునేటట్టయితే స్టిక్కర్ బంపర్ మీద అంటించండి, పెయింట్ ప్యానెల్ మీద వద్దు. రెండేళ్ల తర్వాత తీస్తే చుట్టూ రంగు వెలిసి ఆ ఆకారం మిగులుతుంది. తీసేటప్పుడు హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి నెమ్మదిగా పక్కకి లాగాలి. గీతలు గీస్తారన్న భయం ఉంటే ఇన్సూరెన్సులో కాంప్రహెన్సివ్ (గుద్దుకోవడం కాని నష్టాలకి) ఉందో లేదో చూడండి. గుద్దుకుంటేనే ఇచ్చే కొలిజన్ ఒక్కటే ఉంటే ఇలాంటివి రావు. రిపేరు అంచనా డిడక్టిబుల్ (క్లెయిమ్‌లో ముందు మీరు పెట్టుకోవాల్సిన వాటా) కన్నా తక్కువైతే క్లెయిమ్ వేయొద్దు. సెంట్రీ మోడ్ గంటకి ఒక మైలు రేంజ్ తింటుంది, ఇంటి దగ్గర ఆగిపోయేలా సెట్ చేసుకోండి.

అమ్మిన రోజే బ్యాంకు ఆటోపే ఆపేయకండి. పేఆఫ్ అందిందని బ్యాంకు రాసి ఇచ్చేదాకా కిస్తీ కట్టండి, ఎక్కువ పోతే వెనక్కి వస్తుంది. గ్యాప్ ఇన్సూరెన్స్ (బండి పోతే దాని విలువకీ అప్పుకీ ఉన్న తేడా కట్టేది), ఎక్స్‌టెండెడ్ వారంటీ కొని ఉంటే మిగిలిన కాలానికి డబ్బు వాపసు అడగండి, అడిగితేనే ఇస్తారు. ఇన్సూరెన్స్ మాత్రం టైటిల్ బదిలీ అయ్యాకే రద్దు చేయండి.