అర్జీ పెట్టుకోవచ్చు, బేరం వద్దు

ప్రశ్న: అమ్మా, నేను తెలుగమ్మాయిని. పంజాబీ సిక్కు కుటుంబంలోకి కోడలిగా వచ్చి ఆరేళ్లయింది. జలంధర్‌లో ఉంటున్నాం. మా మామగారికి ఏడు నెలల కిందట పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పనిచేయవు. మాట కూడా సరిగ్గా రావడం లేదు. ఇంట్లో రోజూ సాయంత్రం అందరూ నిలబడి అర్దాస్ చేస్తారు. ఆయనకు నయం చెయ్యమని అడుగుతారు. ఆ వెంటనే 'భాణా మన్నణా', దేవుడి ఇష్టాన్ని ఒప్పుకోవాలి అంటారు. ఒప్పుకునేవాళ్లు అడగడం ఎందుకు? అడిగినవాళ్లు ఒప్పుకోవడం ఎందుకు? నాకైతే లోపల కోపంగా ఉంది. ఎవరికీ చెప్పకుండా మొక్కులు కూడా మొక్కుకున్నాను. తప్పు చేస్తున్నానా?
– ఒక కోడలు, జలంధర్

జవాబు: తల్లీ, ముందు మీ కోపం గురించి మాట్లాడుకుందాం. దాన్ని దాచుకుని మీరు ఎక్కువ బాధపడుతున్నారని మీ ఉత్తరం చూస్తే తెలుస్తోంది.

బాబర్ సైన్యం సైద్‌పూర్ మీద పడి ఊచకోత కోసిన రోజుల గురించి గురు నానక్ పాడిన పదాలు సిక్కుల పవిత్ర గ్రంథం గురు గ్రంథ్ సాహిబ్‌లో ఉన్నాయి. వాటిలో ఒక చోట ఆయన దేవుణ్ణి నిలదీస్తారు: 'ఏతీ మార్ పఈ కుర్‌లాణే, తైఁ కీ దర్ద్ న ఆయా'. ఇన్ని దెబ్బలు తిని వీళ్లు ఇంతగా ఏడ్చారే, నీకు నొప్పి కలగలేదా అని. ఈ మాటను ఎవరూ తీసేయలేదు, మెత్తబరచలేదు. గురువు మాటగా తలకెత్తుకున్నారు, ఈనాటికీ రాగంలో పాడుతున్నారు. కోపం వచ్చినంత మాత్రాన మీరు ప్రార్థనకు దూరమైపోలేదు. ఆ కోపం కూడా ఆయనకే చెప్పండి.

ఇక మొక్కుల సంగతి. ముప్ఫై మూడేళ్ల కిందట నేనూ మీలాగే అమృత్‌సర్‌లో ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. పెళ్లయిన నాలుగో ఏడు, జనవరిలో, పొగమంచులో మా ఆయన స్కూటర్‌ని ట్రాక్టర్ ట్రాలీ ఒకటి గుద్దింది. పదకొండు రోజులు ఆయనకు తెలివి రాలేదు. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని నాకు వచ్చిన మొక్కులన్నీ మొక్కాను. ఆయన కళ్లు తెరిస్తే నలభై రోజులు తెల్లవారకముందే దర్బార్ సాహిబ్‌కి, అంటే స్వర్ణ దేవాలయానికి, చెప్పుల్లేకుండా నడిచి వస్తానన్నాను. బంగారం ఇస్తానన్నాను. ఉప్పు మానేస్తానన్నాను.

మా అత్తగారిని మేం బీజీ అనేవాళ్లం. నా పెదవులు కదలడం చూసి పక్కన వచ్చి కూర్చున్నారు. ఏం మొక్కావని అడిగితే అంతా చెప్పేశాను. ఆవిడ కోప్పడలేదు. 'మంగ్ లే పుత్తర్, సౌదా నా కర్' అన్నారు. అడుక్కో బిడ్డా, బేరం ఆడకు అని. ఇక్కడా మొక్కులు లేవని చెప్పను. 'సుఖ్‌ణా' అంటారు, మొక్కుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ బీజీ అన్న మాటే గురువుల మాటకు దగ్గరగా ఉందని తర్వాత చదువుకుంటే అర్థమైంది. అన్నీ ఇచ్చేది ఆయనే అయినప్పుడు, మనం తిరిగి ఆయనకు ఇస్తామనే బంగారం ఎవరిది?

అడగడంలో మాత్రం ఏ తప్పూ లేదు. 'జీఅ కీ బిర్థా హోయి సు గుర్ పహి అర్దాస్ కర్' అన్నారు ఐదో గురువు గురు అర్జన్. మనసులో ఏ బాధ ఉంటే అది గురువు దగ్గర విన్నవించుకో అని. అదే గురు అర్జన్ ఇంకోచోట, నిన్ను తప్ప వేరే ఏది అడిగినా అది దుఃఖాలన్నిటిలోకీ పెద్ద దుఃఖం అన్నారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే మీకు వచ్చిన అనుమానమే ఎవరికైనా వస్తుంది. నాకూ వచ్చింది.

అది తీరింది అర్దాస్‌ని జాగ్రత్తగా విన్నప్పుడు. అర్దాస్ అనే మాట పారసీ నుంచి వచ్చింది. మనం రోజూ వాడే 'అర్జీ'కి దగ్గరి చుట్టం. నిలబడి, చేతులు జోడించి పెట్టుకునే అర్జీ. అయితే ఈ అర్జీ మన కష్టంతో మొదలవ్వదు. ముందు పదిమంది గురువుల పేర్లు వస్తాయి. ఆ తర్వాత బాధలు పడ్డవాళ్లు వస్తారు. కణుపు కణుపుగా నరికించుకున్నవాళ్లు, నెత్తి చర్మం ఒలిపించుకున్నవాళ్లు, చక్రాలకు కట్టి తిప్పబడ్డవాళ్లు, రంపాలతో కోయబడ్డవాళ్లు. ఇవి ఊరికే చెప్పిన మాటలు కావు. రంపం అన్నప్పుడు 1675లో ఢిల్లీలో ప్రాణం ఇచ్చిన భాయీ మతీ దాస్ కళ్లముందుకు వస్తారు. నెత్తి చర్మం అన్నప్పుడు లాహోర్‌లో భాయీ తారూ సింగ్. ఒక్కో భాగం చివర అందరూ గట్టిగా దేవుణ్ణి తలచుకుని 'వాహెగురూ' అంటారు. ఇదంతా అయ్యాకే మన ఇంటి సంగతి, మన మనిషి పేరు వస్తాయి.

కొత్తలో నాకిది కష్టంగా ఉండేది. అవతల మా ఆయన ప్రాణం మీదికి వస్తే వీళ్లు మూడు వందల ఏళ్లనాటి సంగతులు చెబుతున్నారేమిటి అనిపించేది. ఆ పదకొండు రోజుల్లోనే ఆ ఆలోచన మారింది. నా కష్టం చిన్నదైపోలేదు. ఒంటరిగా ఉండటం మాత్రం పోయింది. చాలా పొడవైన వరుసలో చివర నాకూ ఒక చోటు దొరికినట్టయింది. సూఫీ కవి షేక్ ఫరీద్ దోహా ఒకటి గురు గ్రంథ్ సాహిబ్‌లో ఉంది. దుఃఖం నాకొక్కడికే అనుకున్నాను, మేడెక్కి చూస్తే 'ఘర్ ఘర్ ఏహా అగ్గ్', ఇంటింటా ఇదే మంట అని. మన పెద్దవాళ్లు 'ఇంటింటికీ మట్టిపొయ్యే' అనేవాళ్లు కదా! ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది.

అర్దాస్‌లో ఇంకో వాక్యం ఉంది. నాకు చాలా ఇష్టం. 1947లో దేశం రెండు ముక్కలైనప్పుడు గురు నానక్ పుట్టిన నన్‌కాణా సాహిబ్, ఇంకా ఎన్నో గురుద్వారాలు అవతలి వైపు ఉండిపోయాయి. దూరమైన ఆ చోట్లను అడ్డు లేకుండా చూసుకునే భాగ్యం, వాటికి సేవ చేసుకునే భాగ్యం ఇవ్వమని అప్పటి నుంచి అర్దాస్‌లో రోజూ అడుగుతున్నారు. 2019 నవంబర్ 9న, అలా అవతల ఉండిపోయిన కర్తార్‌పూర్ సాహిబ్ గురుద్వారాకు ఇటు నుంచి వెళ్లేందుకు కారిడార్ తెరిచారు. సరిహద్దుకు నాలుగైదు కిలోమీటర్ల దూరం అది. దానికి 72 ఏళ్లు పట్టింది. మొదట్లో అడిగినవాళ్లలో చాలామంది అప్పటికి లేరు. కారిడార్ తెరిచిన రోజు సాయంత్రం కూడా ఆ వాక్యం అలాగే చదివారు, ఇంకా మిగిలినవి చాలా ఉన్నాయి కాబట్టి. అడుగుతూనే, ఆ అడిగింది చేతికి రాకపోయినా, పొలం పని, పిల్లల చదువు, లంగర్ (గురుద్వారాలో అందరికీ పెట్టే భోజనం) వంట దేన్నీ ఆపకుండా బతికారు వాళ్లు. మీరు అడిగినదానికి పుస్తకంలో లేని జవాబు ఇదేనని నాకు అనిపిస్తుంది.

పుస్తకంలో ఉన్న జవాబూ ఒకటుంది. మీ ఇంట్లోవాళ్లు 'భాణా' అన్నప్పుడు గుర్తుచేసుకునే పదం ఇది: 'తేరా కీయా మీఠా లాగై, హరి నామ్ పదారథ్ నానక్ మాంగై'. నువ్వు చేసింది తీపిగా ఉంది, నామమనే సంపదను నానక్ అడుగుతున్నాడు అని. ఈ పదం గురు అర్జన్‌ది. తర్వాతి గురువులూ తమ పదాల్లో నానక్ పేరే పెట్టుకునేవారు. 1606లో లాహోర్‌లో ఆయన్ని కాలుతున్న పెనం మీద కూర్చోబెట్టినప్పుడు ఆయన నోట ఇదే ఉందని ఇక్కడ ప్రతి ఇంట్లో చెప్పుకుంటారు. రెండో సగం చూడండి. 'మాంగై', అడుగుతున్నాడు! ఒప్పుకోవడం, అడగడం ఒకే పదంలో పక్కపక్కనే ఉన్నాయి. వాటికి గొడవేమీ లేదు. 'నాన్నగారు లేచి నడవాలి' అని అడగండి, తప్పకుండా అడగండి. ఆ తర్వాత, నడిచినా నడవకపోయినా నేను విరిగిపోకుండా, ఆయన మీద విసుక్కోకుండా ఉండే బలం ఇవ్వమనీ అడగండి. ఆ రెండోదే నామం అడగడమని నా నమ్మకం. అర్దాస్ కూడా అలాగే ముగుస్తుంది: 'నానక్ నామ్ చఢ్‌దీ కలా, తేరే భాణే సర్‌బత్ దా భలా'. నామంతో మనసు ఎప్పుడూ పైకి లేచి ఉండాలి, నీ ఇష్టంలో అందరికీ మేలు జరగాలి. కింద పడ్డవాళ్లు కూడా పలకాల్సిన మాట అది.

మా ఆయన పన్నెండో రోజు కళ్లు తెరిచారు. ఎడమ చెవి ఇప్పటికీ వినపడదు. నేను అడిగింది అంతా రాలేదు.

ఒక్క మాట గట్టిగా చెబుతాను. ఫిజియోథెరపీ ఆపకండి. అర్దాస్ చేశాం కదా అని ఒక్క రోజు కూడా మానకండి. అమృత్‌సర్‌లో పింగళ్‌వాడా అని ఉంది, దిక్కులేని రోగులకు, అవిటివాళ్లకు ఆశ్రయం. దాన్ని పెట్టిన భగత్ పూరణ్ సింగ్, 1934లో లాహోర్‌లో ఒక గురుద్వారా దగ్గర ఎవరో వదిలేసిన అవిటి పిల్లవాణ్ణి చేరదీసి, పద్నాలుగేళ్లు వీపు మీద మోశారు. మీ మామగారి చెయ్యి పట్టుకుని రోజూ వేళ్లు కదిలించేటప్పుడు నోటితో 'వాహెగురూ' అనుకోండి. ఆ రెండూ ఒకే పని. ఎవరైనా తాయెత్తు కట్టమంటే మాత్రం వద్దనండి. సిక్కుల నడవడి నియమావళి అయిన సిక్కు రెహత్ మర్యాదలో మంత్రాలకు, శకునాలకు, మంచి రోజు చెడ్డ రోజు లెక్కలకు చోటు లేదు.

ప్రశ్న: మేం సిక్కులం కాదు. అమృత్‌సర్ వచ్చినప్పుడు మా అబ్బాయి కోసం అర్దాస్ చేయించుకోవచ్చా? హుకమ్‌నామాలో వచ్చేదాన్ని బట్టి జరగబోయేది తెలుస్తుందంటారు, నిజమేనా?

జవాబు: నిక్షేపంగా చేయించుకోవచ్చు. తల మీద గుడ్డ కప్పుకుని, చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని రండి. ఏ గురుద్వారాలోనైనా గ్రంథం చదివే గ్రంథీ గారికి అబ్బాయి పేరు, సంగతి చెబితే చాలు. మీరే నిలబడి మీ మాటల్లో చెప్పుకున్నా సరిపోతుంది. అర్దాస్ చేయడానికి ప్రత్యేకమైన కులం లేదు, ఆడ మగ తేడా లేదు.

హుకమ్‌నామా జోస్యం కాదు. గురు గ్రంథ్ సాహిబ్‌లో 1430 పుటలు ఉన్నాయి. తెరవగానే ఎడమ పుట పైన వచ్చే పదాన్ని ఆ రోజుకు గురువు చెప్పిన మాటగా వింటారు. ఆ పదం నేనెలా ఉండాలో చెబుతుంది. అబ్బాయి పని అవుతుందా కాదా అన్నది అందులో వెతకకండి.

ప్రశ్న: ఈమధ్య అన్నీ కష్టాలే. టెన్షన్‌తో రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. నా భార్య సిక్కు, ఏదైనా చదువుకోమంటుంది. ఏది చదవాలి?

జవాబు: పగలు మనసు ఉక్కిరిబిక్కిరి అయినప్పుడు గురు తేగ్ బహాదుర్ శ్లోకం ఒకటి చాలు: 'చింతా తా కీ కీజీఐ జో అన్‌హోనీ హోయి'. జరగరానిది జరిగితే కదా దిగులు పడాలి, లోకం నడిచే దారే ఇది, ఇక్కడ ఏదీ నిలిచి ఉండదు అని అర్థం.

రాత్రికి సోహిలా అనే ప్రార్థన చదవండి. ఐదు పదాలే, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. మీ ఆవిడ దగ్గర గుట్కా ఉండే ఉంటుంది. చిన్న ప్రార్థన పుస్తకాన్ని ఇక్కడ గుట్కా అంటారు. నిద్రపోయే ముందు చదివేది సోహిలానే, చితి బాగా అంటుకున్నాక చదివేదీ సోహిలానే. బీజీ పోయిన రోజు సాయంత్రం శ్మశానంలో అందరం కలిసి చదివాం. ఇంటికి వచ్చి స్నానాలు చేసి, ఎవరి మంచాల మీద వాళ్లం కూర్చుని, పడుకునే ముందు అదే మళ్లీ చదివాం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టింది.