ఇంట్లో డ్రిల్ బిట్లకు సాన పట్టడానికి ఏ షార్పెనర్ కొనాలి?

బెంగళూరులో అపార్ట్‌మెంట్ బాల్కనీని చిన్న వర్క్‌షాప్ చేసుకున్నారు, డబ్బా నిండా మొద్దుబారిన డ్రిల్ బిట్లు పోగయ్యాయి. ఆన్‌లైన్‌లో దొరికే ప్లాస్టిక్ షార్పెనర్ కొనాలా, బెంచ్ గ్రైండర్ తెచ్చుకుని నేర్చుకోవాలా, ఇదంతా ఎందుకని కొత్త బిట్లే కొనుక్కోవాలా అని అడిగారు. ఈ మూడూ చేసి చూసినవాణ్ణి కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు సూటిగా జవాబు. ఇనుము, స్టీల్ పని చేస్తూ, మీ డబ్బాలో 4 నుంచి 13 ఎంఎం హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీల్) బిట్లే ఎక్కువ ఉంటే 6 అంగుళాల బెంచ్ గ్రైండర్, దాని పక్కన బిగించే డ్రిల్ గ్రైండింగ్ అటాచ్‌మెంట్ (బిట్‌ను సరైన కోణంలో వీల్‌కి ఆనించి పట్టే అమరిక) తీసుకోండి. నిప్పురవ్వలు, చప్పుడు మీ బాల్కనీలో కుదరవంటే బిట్‌ను చక్‌లో (బిట్‌ను గట్టిగా పట్టుకునే బిగింపులో) బిగించి డైమండ్ వీల్ మీద తిప్పే రకం షార్పెనర్ కొనండి. వరసగా రంధ్రాలుండి, బిట్‌ను అందులో దూర్చి అటూ ఇటూ తిప్పమనే రకం మాత్రం వద్దు. 3 ఎంఎం కన్నా సన్న బిట్లకు సాన పట్టే శ్రమ దండగ, కొత్తవే కొనండి.

ఆ రంధ్రాల రకాన్ని నేను ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. మేముండేదీ బెంగళూరే, దాసరహళ్లిలో, పీణ్య ఇండస్ట్రియల్ ఏరియాకి ఆనుకునే. మా అమ్మకి మోకాళ్ల నొప్పులు, మేడ మెట్లు ఎక్కేటప్పుడు పట్టుకోవడానికి ఆధారం లేదు. నేనే ఎస్ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) పైపుతో రెయిలింగ్ చేద్దామని దిగాను. బ్రాకెట్లకు 8 ఎంఎం రంధ్రాలు వేయాలి. బిట్ మొద్దుబారితే కొత్తగా కొన్న ప్లాస్టిక్ షార్పెనర్‌లో పట్టాను. అంచులు తళతళా మెరిశాయి, వేలికి గుచ్చుకున్నాయి కూడా. తీరా డ్రిల్ చేస్తే కీచుమని అరుపే తప్ప బిట్ దిగదు. బలమంతా పెట్టి నొక్కాను. బ్రాకెట్ మీద ఆ చోటు అద్దంలా నున్నగా తయారైంది. ఆ తర్వాత కొత్త బిట్ పెట్టినా అక్కడ ఎక్కలేదు. స్టెయిన్‌లెస్ స్టీల్‌ని కోయకుండా రుద్దితే పైపొర గట్టిపడిపోతుంది, అదే జరిగింది.

మా వీధిలో పీణ్య ఫ్యాక్టరీల టూల్ రూముల్లో (పనిముట్లు తయారుచేసే విభాగాల్లో) చేసి రిటైరైన పెద్దాయన ఉన్నారు, హిందూపురం వైపువారు. మామా అని పిలుస్తాం. ఆ బిట్ పట్టుకెళ్లి చూపించాను. ఎండలోకి వచ్చి, భూతద్దం పెట్టి మొనని నెమ్మదిగా తిప్పి చూశారు.

“పదును బాగానే ఉంది నాయనా. అంచు కన్నా మడమ ఎత్తుగా ఉంది, అదీ సంగతి. ముందు మడమ పోయి తగుల్తా ఉంది, ఇంక అంచుకి పనేముంది?”

మడమ అంటే కోసే అంచు వెనక, ఏటవాలు చివరి భాగం. నాకు ఆ ఒక్క మాటతో విషయం అర్థమైంది. వడ్రంగి ఉలిని ఏటవాలు వైపు కిందకి పెట్టి, చెక్క మీద మరీ పడుకోబెట్టి తోస్తే జారిపోతుంది. పిడి కాస్త పైకి లేపితేనే అంచు తగిలి చెక్కలోకి దిగుతుంది. డ్రిల్ బిట్‌లోనూ అంతే. కోసే అంచు వెనకనున్న లోహం కిందికి తగ్గుతూ పోవాలి. దాన్నే క్లియరెన్స్ అంటారు. మామూలు బిట్‌కి 8 నుంచి 12 డిగ్రీలు ఉంటే చాలు. అది లేకపోతే ఎంత పదునైన బిట్ అయినా రుద్దుతుందే కానీ కోయదు. మరీ ఎక్కువైతే అంచు పలచబడి విరిగిపోతుంది.

రంధ్రాల రకం షార్పెనర్‌లో ఇబ్బంది ఇక్కడే. రంధ్రం బిట్ కన్నా కాస్త వదులుగా ఉంటుంది, బిట్ ఊగుతుంది. అంచు ఏ దిశలో నిలబడాలో చూపించే ఏర్పాటు ఉండదు. రెండు అంచుల్నీ ఒకే లోతుకు ఆపే అడ్డూ ఉండదు. క్లియరెన్స్ ఎంత వస్తుందో మన చేతిలో ఉండదు.

మిషన్ కొనడానికి ముందు మొనని చూడటం నేర్చుకోండి. దానికి ఖర్చేమీ లేదు. మామూలు బిట్ మొన కోణం 118 డిగ్రీలు, అంటే ఒక్కో అంచు మధ్య గీతకి 59 డిగ్రీల్లో ఉంటుంది. స్టెయిన్‌లెస్ లాంటి గట్టి లోహాలకి 135 వాడతారు. 118 సరిచూడటానికి గేజ్ లేకపోతే రెండు ఆరు పలకల నట్లు తీసుకుని, పలకకి పలక ఆనించి పట్టుకోండి. వాటి మధ్య ఏర్పడే లోయ సరిగ్గా 120 డిగ్రీలు, 118కి దాదాపు సరిపోతుంది. బిట్ మొనని అందులో కూర్చోబెట్టి వెలుతురుకి ఎదురుగా చూస్తే తేడా ఎక్కడుందో తెలిసిపోతుంది. ఇది కూడా మామ నేర్పిందే. ఆయన టూల్ రూములో గేజ్ కోసం వెతుక్కునే తీరిక లేనప్పుడు అందరూ ఇలాగే చూసుకునేవారట.

తర్వాత రెండు అంచుల పొడవు సమానంగా ఉందా చూడండి. ఒకటి పొడవైతే మొన మధ్యలో ఉండదు, 8 ఎంఎం బిట్ 8 కన్నా పెద్ద రంధ్రం చేస్తుంది. కోణాలు తేడాగా ఉంటే ఒక అంచే పనంతా చేస్తుంది, రజను ఒకే గాడిలోంచి వస్తుంది. ఇక మొనని ఎదురుగా చూస్తే మధ్యలో చిన్న అడ్డగీత కనిపిస్తుంది. అది కోసే అంచులకి 120 నుంచి 135 డిగ్రీల ఏటవాలులో ఉండాలి. అంచులకి 90 డిగ్రీల దగ్గరికి వచ్చేసిందంటే క్లియరెన్స్ తక్కువైందని అర్థం. నేను పాడుచేసిన బిట్‌లో ఆ గీత దాదాపు అలాగే ఉంది. చూడటం తెలిసుంటే డ్రిల్ పెట్టకముందే పట్టుకునేవాణ్ణి.

ఆ అడ్డగీత లోహాన్ని కోయదు, నొక్కి పక్కకి తోస్తుంది. బిట్ లోపలి దిమ్మ మొన దగ్గర పలచగా, వెనక్కి వెళ్లేకొద్దీ మందంగా ఉంటుంది కాబట్టి సాన పట్టి పట్టి బిట్ పొట్టిదయ్యేకొద్దీ ఆ గీత పొడవవుతుంది. అప్పుడు పదునున్నా బిట్ దిగడానికి బలం ఎక్కువ పడుతుంది. వీల్ మూలతో ఆ మధ్య భాగాన్ని రెండు వైపులా కొంచెం పలచబరచాలి. కొత్తలో దీని జోలికి పోకండి, చేయి కుదిరాక చూద్దురు.

చక్ రకం గురించి. అమెరికాలో డ్రిల్ డాక్టర్ పేరుతో బాగా అమ్ముడయ్యేది ఈ పద్ధతిదే. బిట్‌ను ముందు ఒక పోర్టులో పెడితే లోపలి పట్లు దాని గాళ్లని పట్టుకుని సరైన దిశలో, సరైన పొడవులో నిలబెడతాయి. అలాగే చక్ బిగించి, సాన పట్టే పోర్టులో పెట్టి తిప్పాలి. అంచుకి ఆరేసి సార్లు తిప్పితే రెండో అంచుకీ ఆరేసి సార్లే తిప్పాలి. లెక్క తప్పితే అంచులు తేడా వస్తాయి. ఎక్కువమంది దెబ్బతినేది మొదటి పోర్టులో. బిట్ సరిగ్గా కూర్చోకుండానే చక్ బిగించేస్తారు. అక్కడ ఒక నిమిషం ఎక్కువ తీసుకోండి. విదేశాల నుంచి తెప్పించుకుంటుంటే అది 110 వోల్టుల మోడలేమో చూడండి, మన దగ్గర 230. వీలైతే 118, 135 రెండూ పట్టగలిగేదే తీసుకోండి.

నేను చివరికి స్థిరపడింది గ్రైండర్ మీదే. బెంగళూరులో పనిముట్లు దొరికే ఎస్.పి. రోడ్డు షాపుల్లో తిరిగి గ్రైండర్, అటాచ్‌మెంట్, వైట్ వీల్ కొన్నాను. గ్రైండర్‌తో వచ్చే బూడిద రంగు వీల్ మామూలు ఇనుముకి పరవాలేదు. హెచ్ఎస్ఎస్‌కి తెల్ల అల్యూమినియం ఆక్సైడ్ వీల్, 60 లేదా 80 గ్రిట్ (రేణువుల సైజు నంబరు), చల్లగా కోస్తుంది. బిగించే ముందు వీల్‌ని వేలికి వేలాడదీసి చెక్క పిడితో తట్టండి. ఖంగుమని మోగాలి. డబ్‌మని మొద్దు శబ్దం వస్తే లోపల పగులుంది, వాడొద్దు. టూల్ రెస్ట్‌కీ (వీల్ ముందు పనిముట్టు ఆనించే పలకకీ) వీల్‌కీ మధ్య 3 ఎంఎం కన్నా ఎక్కువ సందు ఉండకూడదు. ఆన్ చేశాక ఒక నిమిషం పక్కకి నిలబడండి. కళ్లద్దాలు తప్పనిసరి, చేతికి గ్లౌజులు వద్దు, అవి వీల్‌లో చిక్కుకుంటాయి. బాల్కనీలో ఆరేసిన బట్టలు, గ్యాస్ సిలిండర్ దగ్గర్లో లేకుండా చూసుకోండి.

అటాచ్‌మెంట్ వాడేటప్పుడు బిట్ ఎంత బయటికి వచ్చిందన్నదాన్ని బట్టి క్లియరెన్స్ మారుతుంది. అటాచ్‌మెంట్‌తో వచ్చే సూచనల కాగితంలో ఇచ్చిన కొలత పాటించండి, తోక దగ్గరి స్టాప్ స్క్రూ ఒకసారి బిగించాక రెండు అంచులూ అయ్యేదాకా కదిలించకండి. మొదలుపెట్టే ముందు మొన వెనక ఏటవాలు మీద స్కెచ్ పెన్‌తో రంగు పూయండి. వీల్‌కి మెల్లగా ఆనించి ఒక్కసారి తిప్పి తీసి చూడండి. రంగు అంచు దగ్గర చెరిగితే సెట్టింగ్ బాగుంది. వెనక మడమ దగ్గర మాత్రమే చెరిగితే, అంచుని తాకకుండా తిరుగుతున్నట్టు, మళ్లీ సర్దండి. నాకు అలవాటయ్యేదాకా ప్రతి బిట్‌కీ ఈ రంగు పూశాను.

వేడి విషయంలో తొందరపడొద్దు. కొంచెం ఆనించడం, తీయడం, చల్లారనివ్వడం. హెచ్ఎస్ఎస్ దాదాపు 600 డిగ్రీల సెల్సియస్ దాకా గట్టిదనం పోగొట్టుకోదు కాబట్టి మొన కాస్త రంగు మారినా గాభరా అక్కర్లేదు. ఎర్రగా కాలినదాన్ని నీళ్లలో ముంచితే మాత్రం కంటికి కనబడని పగుళ్లు వస్తాయి. చవక సెట్లలో వచ్చే కార్బన్ స్టీల్ బిట్లు వేరు, అవి నీలం రంగు తిరిగితే ఆ భాగం మెత్తబడినట్టే. రెండింటికీ తేడా నిప్పురవ్వల్లో తెలుస్తుంది. కార్బన్ స్టీల్ రవ్వలు తెల్లగా, కాకరపువ్వొత్తిలా చీలిపోతూ ఎగురుతాయి. హెచ్ఎస్ఎస్ రవ్వలు ముదురు ఎరుపులో, పొట్టిగా, చీలకుండా రాలతాయి. మీ డబ్బాలో ఏవి సాన పట్టదగినవో ఇలా వేరు చేసుకోండి. గోడకి వాడే బిట్ల మొన కార్బైడ్, దానికి గ్రీన్ (సిలికాన్ కార్బైడ్) వీల్ గానీ డైమండ్ గానీ కావాలి. చెక్క పనికి వాడే, మధ్యలో ముల్లున్న బిట్లు ఈ మిషన్లలో వేటికీ పెట్టకండి.

పట్టడం అయ్యాక ఒక ఎంఎస్ (మైల్డ్ స్టీల్, అంటే మామూలు ఇనుము) ముక్క మీద పరీక్షించండి. సెంటర్ పంచ్ (మొన ఉన్న చిన్న ఉలి)తో గుంట కొట్టి, చుక్క కటింగ్ ఆయిల్ వేసి, మెల్లగా తిప్పితే రెండు గాళ్లలోంచీ ఒకే మందంలో చుట్టలు చుట్టుకుంటూ లేవాలి.

ఇంకొకటి, బిట్లు అంత త్వరగా మొద్దుబారడానికి స్పీడ్ పెద్ద కారణం. కోత వేగాన్ని నిమిషానికి మీటర్లలో తీసుకుని 318తో గుణించి, ఎంఎంలో బిట్ సైజుతో భాగిస్తే ఆర్‌పిఎం (నిమిషానికి ఎన్ని చుట్లు) వస్తుంది. మామూలు ఇనుముకి 25 అనుకుంటే 8 ఎంఎం బిట్‌కి సుమారు వెయ్యి. స్టెయిన్‌లెస్‌కి 12 అనుకుంటే 480కి మించకూడదు. నేను మొదట్లో ట్రిగ్గర్ పూర్తిగా నొక్కి దాదాపు మూడువేల దగ్గర తిప్పేవాణ్ణి.

ఆ రెయిలింగ్ బ్రాకెట్ల కొలతలు కాస్త జరిపి, కొత్త చోట రంధ్రాలు వేశాను. బిట్‌కి 135 పెట్టి మామ ఎదురుగానే సాన పట్టాను. తక్కువ స్పీడు, ఆయిల్, మొదలుపెట్టాక మధ్యలో ఆపకుండా ఒకే ఒత్తిడి. పన్నెండు రంధ్రాలు ఒక్క బిట్‌తో అయిపోయాయి. అమ్మ ఇప్పుడు ఆ రెయిలింగ్ పట్టుకునే పొద్దున తులసికోటకి నీళ్లు పోయడానికి మేడ మీదికి వస్తుంది.

మీరు మొదలుపెట్టేది 10 ఎంఎం బిట్‌తో పెట్టండి, పాతదే. మొన పెద్దదిగా కనబడుతుంది, తప్పు ఎక్కడ జరిగిందో కంటికి తెలుస్తుంది. దానిమీద ఐదారుసార్లు సరిగ్గా వచ్చాక 8కి, తర్వాత 6కి దిగండి. పట్టిన మొనని ఎదురు నుంచీ పక్క నుంచీ దగ్గరగా ఫోటో తీసి పెట్టండి, చూసి చెప్తాను.