ఆలివ్ నూనె సీసా గురించి మేనకోడలికి ఉత్తరం

చిరంజీవి సౌభాగ్యవతి అయిన మేనకోడలికి అత్తయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. ఆలివ్ నూనె పోసుకోవడానికి ఎటువంటి డిస్పెన్సర్ కొనాలో చెప్పమని అడిగావు. ఇప్పుడున్న గాజు సీసా ఎంత తుడిచినా చేతికి అంటుకుంటూనే ఉందని, కొత్త నూనె పోసిన పది రోజులకే అందులో ఏదో పాత వాసన పుడుతోందని కూడా వ్రాశావు. నూనె రకం మార్చి చూడాలని నీవు అనుకుంటున్నావు గానీ, నా అనుమానం మాత్రం సీసా మీదే ఉంది. అందువల్ల కొత్తది ఎంచుకునే విషయానికి వచ్చే ముందు ఆ వాసన ఎలా పుడుతుందో చెబుతాను. అది తెలిస్తే దుకాణంలో ఏ సీసాను పక్కన పెట్టాలో నీకే అర్థమవుతుంది.

ఆలివ్ కాయను గింజతో సహా నలిపి నూనె తీస్తారు. ఎక్స్‌ట్రా వర్జిన్ అని పిలిచే రకాన్ని ఆ తరువాత రసాయనాలతో శుద్ధి చేయరు కనుక, కాయలోని పరిమళం, చేదు, గొంతులో గరగరలాడే ఘాటు, వాటితోపాటు ఆకుపచ్చ రంగునిచ్చే పత్రహరితం కూడా నూనెలోనే మిగిలి ఉంటాయి. ఈ పత్రహరితం మీద వెలుతురు పడినప్పుడు అది ఆక్సిజన్‌ను మామూలు కంటే ఎంతో చురుకైన రూపంలోకి మారుస్తుంది. ఆ ఆక్సిజన్ నూనెలోని కొవ్వు ఆమ్లాలతో కలిసి వాటిని పాడుచేయడం మొదలుపెడుతుంది. చీకటిలో ఉన్న నూనెలో ఈ పని జరగదు. వెలుతురు లేకపోయినా గాలి తగులుతూ ఉంటే నూనె నెమ్మదిగా పాడవుతుంది, వేడి ఆ వేగాన్ని పెంచుతుంది, రాగి, ఇనుము వంటి లోహాలు తగిలితే మరింత త్వరగా చెడుతుంది. అంతర్జాతీయ ఆలివ్ మండలి ప్రమాణం ప్రకారం ఎక్స్‌ట్రా వర్జిన్ నూనెలో స్వేచ్ఛా ఆమ్లత, అంటే కొవ్వు నుంచి విడిపోయిన ఆమ్లాల పాలు, 0.8 శాతాన్ని, పాడవడం ఎంతవరకు వచ్చిందో చెప్పే పెరాక్సైడు విలువ 20ని మించకూడదు. మనం ఎంత మంచి పాత్రలో పోసినా ఒకసారి జరిగిన చెడును అది వెనక్కి తీసుకోలేదు. ముందు ముందు జరగబోయే దాన్ని ఆలస్యం చేయడం వరకే పాత్ర చేయగలిగిన పని.

ఇక నీ సీసాలోని వాసన సంగతి. నీవు ఆ సీసాను పూర్తిగా ఖాళీ చేసి కడిగిన తరువాతే కొత్త నూనె పోస్తున్నావా, లేక సగం తగ్గగానే పైనుంచి నింపుతున్నావా? నాకు తెలిసి చాలా ఇళ్ళలో రెండవదే జరుగుతుంది. సీసా గోడలకు, మూతికి, బిరడా సందులకు అంటుకొని ఉండే పలుచని నూనె పొర గాలికి ఎక్కువగా తగులుతుంది కాబట్టి అడుగున ఉన్న నూనె కంటే అదే ముందుగా ముక్కిపోతుంది. అందులో పుట్టిన పెరాక్సైడులు, అంటే నూనె ఆక్సిజన్‌తో కలిసినప్పుడు ఏర్పడే పదార్థాలు, కొత్త నూనెలో కలిసి, పాలలో వేసిన తోడు లాగా, అది కూడా త్వరగా పాడయ్యేలా చేస్తాయి. ఆ పొరే మరికొంత కాలానికి గట్టిపడి, వార్నిష్ పూసినట్లు జిగురుగా తయారవుతుంది. నీ చేతికి అంటుకుంటున్నది అదే. దానిని పొడి గుడ్డతో ఎంత తుడిచినా పోదు.

ఈ పొరపాటును నేనూ చాలా ఏళ్ళు చేశాను. సన్నని మెడ ఉన్న తెల్ల గాజు సీసా ఒకటి నా దగ్గర ఉండేది. పొయ్యి పక్కన కిటికీ దగ్గర పెడితే ఉదయపు ఎండలో నూనె బంగారు పచ్చగా మెరిసేది, చూడడానికి ఎంతో బాగుండేది కనుక దానిని అక్కడి నుంచి కదిలించాలన్న ఆలోచన నాకు రాలేదు. నూనె తగ్గినప్పుడల్లా పోస్తూ వచ్చాను. రుచి బాగాలేదని మూడు రకాల నూనెలు మార్చాను, ప్రతిసారీ నెల తిరిగేసరికి అదే వాసన వచ్చేది. చివరికి ఒకరోజు అప్పుడే మూత తీసిన డబ్బాలోని నూనె ఒక చిన్న గ్లాసులో, సీసాలోని నూనె మరొక గ్లాసులో పోసి రెండింటినీ పక్కపక్కన వాసన చూశాను. ఒకదానిలో కోసిన పచ్చగడ్డి వాసన ఉంది, మరొకదానిలో పాతబడిన బాదం పప్పు వాసన, మైనపు రంగు పెన్సిళ్ళ వాసన ఉంది. రెండూ ఒకే డబ్బాలోవి.

ఈ పరీక్ష నీవు కూడా ఇప్పుడే చేసి చూడు. గ్లాసును ఒక అరచేతిలో పట్టుకొని, రెండవ చేతితో మూసి, కొద్దిగా వెచ్చబడేదాకా ఆగి వాసన చూడాలి. నూనె రుచి చూడడమే వృత్తిగా గలవారు కూడా నూనెను 28 డిగ్రీల సెల్సియస్ దగ్గరకు తెచ్చి, నూనె రంగు కనబడకుండా చేసే రంగు గాజు గ్లాసులో పోసి పరీక్షిస్తారు, ఎందుకంటే రంగును బట్టి నాణ్యతను నిర్ణయించడం కుదరదు. ఒక్క విషయం గుర్తుంచుకో. గొంతులో మంట, నాలుక మీద చేదు చెడిపోయిన గుర్తులు కావు, తాజా నూనెకు అవి ఉండవలసిన గుణాలే. చెడిపోయిన నూనెలో ఆ ఘాటు తగ్గిపోయి, ముక్కిన వాసన మాత్రం మిగులుతుంది.

ఇప్పుడు కొనే విషయం. అన్నిటికంటే ముందు పరిమాణం చూడు. రోజుకు రెండు పెద్ద చెంచాల నూనె, అంటే దాదాపు 30 మిల్లీలీటర్లు వాడే ఇంట్లో వారానికి 210 మిల్లీలీటర్లు ఖర్చవుతుంది. అటువంటి ఇంటికి 250 మిల్లీలీటర్ల సీసా సరిపోతుంది, వాడకం అంతకు రెట్టింపు ఉంటే 500 మిల్లీలీటర్లది తీసుకోవచ్చు. లీటరు పట్టే అందమైన పాత్రను చూసి, మళ్ళీ మళ్ళీ నింపే పని తప్పుతుందని మాత్రం అనుకోవద్దు. అందులో నూనె సగానికి దిగిన నాటి నుంచి మిగిలిన సగమంతా గాలే ఉంటుంది, ఆ గాలితోనే నూనె వారాల తరబడి కాపురం చేయాలి. డిస్పెన్సర్‌లో నూనె ఒకటి రెండు వారాలకు మించి ఉండకూడదని నా లెక్క, అసలు నిల్వ అంతా పెద్ద సీసాలోనో డబ్బాలోనో గట్టిగా మూత పెట్టి చీకట్లో ఉండాలి.

రెండవది మూతి వెడల్పు. దుకాణంలో దీనిని ఎవరూ చూడరు, ఇంటికి వచ్చాక ప్రతి నెలా బాధపడేది మాత్రం దీని వల్లనే. బిరడా తీసిన తరువాత సీసా బ్రష్ సులువుగా లోపలికి వెళ్ళి, అడుగును, భుజాల కింది వంపును తాకగలగాలి. హంస మెడ లాగా వంకర తిరిగిన, నూనె పోసే కొమ్ములు, పాత్రలోనే మరొక చిన్న పాత్ర అమర్చిన సీసాలు ఎంత ముచ్చటగా ఉన్నా, వాటి లోపలి జిడ్డును ఎవరూ పూర్తిగా కడగలేరు కనుక వాటిని వద్దనే అంటాను.

దేనితో చేసినది కొనాలంటే, నా మొదటి ఎంపిక ముదురు తేనెరంగు గాజు. నూనెను పాడుచేసే అతినీలలోహిత, నీలి కాంతులను అది ఆకుపచ్చ గాజు కంటే బాగా ఆపుతుంది, పైగా ఎంత మిగిలిందో వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే కనబడుతుంది. పొయ్యి పక్కన హడావుడిగా పనిచేసే వారికి, చిన్నపిల్లలున్న ఇంటికి స్టెయిన్‌లెస్ స్టీలు పాత్ర మేలు. అది పగలదు, వెలుతురును అసలు రానివ్వదు. 18/8 అని ముద్ర ఉంటే అందులో క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం ఉన్నాయని అర్థం, ఆ ఉక్కు నూనెకు హాని చేయదు. పింగాణి పాత్ర కొనదలిస్తే లోపలి వైపు కూడా నున్నని పూత పూర్తిగా ఉందో లేదో, ఆ పూతలో సీసం లేదని, ఆహారానికి పనికివస్తుందని తయారీదారు స్పష్టంగా వ్రాశారో లేదో చూసుకోవాలి. అలంకారానికి చేసిన వాటిని అలంకారానికే ఉంచాలి. లోపల కళాయి గానీ పూత గానీ లేని రాగి, ఇత్తడి పాత్రలు వద్దు. ప్లాస్టిక్ కూడా వద్దు, ఎందుకంటే దానిలోని కొన్ని పదార్థాలు కొవ్వులోకి దిగే వీలుంది, దాని మీద పడిన గీతల్లో పాత నూనె దాక్కుంటుంది, ఒకసారి పట్టిన వాసన మళ్ళీ వదలదు.

కొమ్ము విషయంలో కొంచెం ఓపికగా చూడు. మంచి కొమ్ముకు నూనె పోయే దారితోపాటు గాలి లోపలికి వెళ్ళడానికి సన్నని గొట్టం ఒకటి వేరుగా ఉంటుంది. అది లేకపోతే నూనె గుటకలు వేసినట్లు ఆగి ఆగి పడి, ఒక్కసారిగా ఒలుకుతుంది. కొమ్ము అంచు మందంగా, గుండ్రంగా ఉంటే చివరి చుక్క తెగిపడకుండా వెనక్కి తిరిగి సీసా ఒంటి మీదుగా జారుతుంది, అంచు పలుచగా, పదునుగా కోసినట్లు ఉంటే చుక్క అక్కడికక్కడే తెగుతుంది. వంచినప్పుడు తెరుచుకొని, నిలబెట్టగానే తనంతట తాను మూసుకునే చిన్న రేకు మూత ఉన్నది తీసుకో, మూత లేని కొమ్ములోకి గాలి, దుమ్ము, చీమలు నిరాటంకంగా వెళ్తాయి. బిరడా సిలికోన్‌ది అయితే బిగువుగా కూర్చుంటుంది, సబ్బుతో కడగవచ్చు. బెండు బిరడా నూనెను పీల్చుకొని తానే ముక్కిపోతుంది. కొన్న రోజునే సీసాలో నీళ్ళు పోసి, వంచి, బిరడా చుట్టూ కారుతోందేమో చూడు. కానీ నూనె నీటి కంటే ఎన్నో రెట్లు చిక్కన కాబట్టి, ధార ఎలా పడుతుందో నీళ్ళతో తేల్చుకోలేవు.

స్ప్రే సీసాల గురించి కూడా అడిగావు. తక్కువ నూనెను పలుచగా చల్లడానికి అవి పనికివస్తాయి. అయితే వాటి సన్నని రంధ్రం త్వరగా పూడుకుపోతుంది, వారానికి ఒకసారి గోరువెచ్చని సబ్బు నీళ్ళు, ఆ తరువాత మంచినీళ్ళు పోసి పంపు కొట్టి శుభ్రం చేసే ఓపిక లేకపోతే కొనవద్దు.

కడగడం గురించి వివరంగా చెబుతాను, ఎందుకంటే నీ ఇబ్బంది అంతా ఇక్కడే ఉంది. సీసా ఖాళీ అయిన ప్రతిసారీ, మళ్ళీ నింపడానికి ముందే కడగాలి. మిగిలిన నూనెను తూములో పోయకుండా కాగితంతో అద్ది చెత్తలో వేయి, తూములో పోస్తే అది గొట్టాల్లో పేరుకొని పూడుకుపోతుంది. తరువాత సీసాలో నీళ్ళు పోయకముందే గిన్నెలు తోమే ద్రవపు సబ్బు కొన్ని చుక్కలు వేసి బాగా ఆడించు. నీళ్ళు ముందు పోస్తే సబ్బు పలుచబడి జిడ్డును సరిగా పట్టదు. అప్పుడు చేయి ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళు సగం దాకా పోసి, బ్రష్‌తో రుద్ది, రెండు మూడు సార్లు కడిగి వంపేయాలి. బ్రష్ అందని మూలలకు గుప్పెడు బియ్యపు గింజలో, రాళ్ళ ఉప్పో వేసి, సబ్బు నీటితో కలిపి గిలకరిస్తే అవే లోపలి గోడలను రుద్దుతాయి. చల్లగా ఉన్న గాజులో మరిగే నీళ్ళు మాత్రం ఎన్నడూ పోయవద్దు, పగులుతుంది. వార్నిష్ లాగా గట్టిపడిన పొర ఉంటే, వేడి నీటిలో వంటసోడా, సబ్బు కలిపి రాత్రంతా నానబెట్టి, ఉదయం రుద్దాలి. ఒక్కసారికి పోకపోతే మరుసటి రాత్రి మళ్ళీ నానబెట్టు. కొమ్మును, రేకు మూతను, సిలికోన్ ఉంగరాన్ని విడదీసి, గాలి గొట్టంలోకి సన్నని బ్రష్ దూర్చి శుభ్రం చేయడం మరచిపోవద్దు, చాలాసార్లు ముక్కిన వాసన అంతా ఆ చిన్న గొట్టంలోనే ఉంటుంది.

కడిగిన తరువాత ఆరబెట్టడం ఇంకా ముఖ్యం. లోపల మిగిలిన నీటిచుక్క అడుగుకు చేరి నూనెను మబ్బుగా చేస్తుంది, దానిలో సూక్ష్మజీవులు పెరగడానికి చోటు దొరుకుతుంది. సీసాను ముందు బోర్లించి నీరంతా కారనిచ్చి, తరువాత మూతి పైకి పెట్టి ఒక పూర్తి రోజైనా గాలికి ఉంచాలి. ఇందుకోసమే ఒకేలాంటి రెండు చిన్న సీసాలు కొనమని చెబుతాను. ఒకటి ఆరుతూ ఉండగా మరొకటి వాడుకలో ఉంటుంది కనుక, తొందరలో తడి సీసాలో నూనె పోసే అవసరం రాదు. పోసేటప్పుడు గరాటు కూడా పొడిగా ఉండాలి. వడకట్టని నూనె అయితే అడుగున మడ్డి పేరుకుంటుంది, పెద్ద సీసాను కదిలించకుండా పైనూనెను మాత్రమే వంపుకోవాలి.

సీసాను పొయ్యికి, కిటికీకి దూరంగా, తలుపు ఉన్న అలమరలో పెట్టు. 14 నుంచి 18 డిగ్రీల సెల్సియస్ చల్లదనం దానికి హాయి, అది కుదరనప్పుడు ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే అలమర చాలు. ఫ్రిజ్‌లో పెడితే నూనె గడ్డకట్టి మబ్బుగా కనబడుతుంది, బయట పెట్టగానే మళ్ళీ తేటపడుతుంది, అందువల్ల అది చెడినట్లు కాదు. కానీ రోజూ లోపలికీ బయటికీ తిప్పే సీసాలో తేమ చేరే అవకాశం ఉంది. పెద్ద సీసా మూత తీసిన తేదీని దాని మీదే వ్రాసి, రెండు నెలల్లో వాడేలా చూసుకో.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. అందంగా ఉంటుందని డిస్పెన్సర్‌లో పచ్చి వెల్లుల్లి రెబ్బలు, ఆకులు, మిరపకాయలు వేసి ఉంచవద్దు. గాలి తగలని, ఆమ్లం లేని ఆ నూనెలో క్లాస్ట్రిడియం బోట్యులినమ్ అనే సూక్ష్మజీవి పెరిగి విషాన్ని తయారుచేయగలదు, ఆ విషం ఉన్నట్లు వాసనను బట్టి గానీ రుచిని బట్టి గానీ తెలియదు. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో, నూనెలో నిల్వ ఉంచిన తరిగిన వెల్లుల్లి తిని 36 మంది ఈ విషం వల్ల జబ్బుపడ్డారు. అటువంటి నూనె కావాలనిపిస్తే కొద్దిగా చేసుకొని, 4 డిగ్రీలకు మించని ఫ్రిజ్‌లో ఉంచి, నాలుగు రోజుల్లో వాడేయాలి, మిగిలితే పారేయాలి.

నీ పాత సీసాను అప్పుడే పారేయకు. అందులోని నూనె తీసేసి, నేను చెప్పినట్లు వంటసోడాతో రెండు రాత్రులు నానబెట్టి, కడిగి, ఆరిన తరువాత ఖాళీ సీసా మూతి దగ్గర ముక్కు పెట్టి చూడు. ఏ వాసనా రాకపోతే మందపాటి గుడ్డ తొడుగు వేసి అలమరలో ఉంచుకొని, రెండవ సీసాగా వాడుకోవచ్చు. ఇంకా వాసన వస్తుంటే అది కొమ్ములోంచో, సీసాలోంచో విడివిడిగా చూసి నాకు వ్రాయి. కొమ్ములోంచి అయితే కొమ్ము ఒక్కటే మార్చుకుంటే సరిపోతుంది.

ఇట్లు,
నీ శ్రేయస్సు కోరే అత్తయ్య