అప్‌శాంప్లర్ పెట్టెతో ఇంట్లో పాట బాగుపడుతుందా?

మంచి సీడీ ప్లేయరు, ఆంప్లిఫయరు, స్పీకర్లు ఉన్న ఇంట్లో, పాట సంకేతంలోని నమూనాల సంఖ్యను లెక్కగట్టి పెంచే డిజిటల్ అప్‌శాంప్లర్‌ను జోడిస్తే ధ్వని మెరుగవుతుందా అని మీరు అడిగారు. మెరుగవదు. ఈ ఒక్క మాట నేర్చుకోవడానికి నాకు 62,000 రూపాయలు ఖర్చయింది కనుక కాస్త గట్టిగానే చెబుతున్నాను.

నేను పెట్టెను కొన్న దుకాణంలో ముందు సీడీ ప్లేయరును నేరుగా వినిపించారు, ఆ తరువాత అదే వీణ కచేరీని అప్‌శాంప్లర్, డాక్ (డిజిటల్ అంకెలను విద్యుత్ సంకేతంగా మార్చేది) రెండూ కలిసి ఉన్న ఆ పెట్టె గుండా వినిపించారు. రెండోసారి తీగ మీటిన వేలి గోరు కూడా కళ్లకు కట్టినట్టు అనిపించింది. ఇంటికి తెచ్చుకున్న తరువాత మూడు వారాల పాటు వచ్చిన ప్రతి చుట్టానికీ ఆ తేడాను వినిపించి, వారు తల ఊపే వరకు వదిలిపెట్టలేదు. వయొలిన్ నేర్చుకున్న మా బావమరిది మాత్రం రెండు మూడు సార్లు విని, "బావగారూ, పెట్టె పెట్టినప్పుడు పాట బాగుందో, గట్టిగా ఉందో నాకు తేలడం లేదండీ" అన్నాడు.

ముప్పై ఏళ్లు విద్యుత్ శాఖలో పనిచేసిన నాకు ఆ అనుమానం ముందే రానందుకు సిగ్గు వేసింది. అదే రాత్రి టెస్ట్ సీడీలోని 400 హెర్ట్జ్ స్వరాన్ని పెట్టి, స్పీకరు టెర్మినళ్ల దగ్గర మల్టీమీటరుతో వోల్టేజిని కొలిచాను. నేరుగా వచ్చినప్పుడు 2.0 వోల్టులు, పెట్టె గుండా వచ్చినప్పుడు 2.3 వోల్టులు ఉంది. డెసిబెల్ లెక్కలో తేడా 1.2 మాత్రమే. అంత చిన్న తేడాను చెవి తరచు 'గట్టిగా ఉంది' అని గుర్తించదు. 'స్పష్టంగా ఉంది, నిండుగా ఉంది' అని పొరబడుతుంది. దుకాణంలో నేను విన్న గోటి చప్పుడు ఈ 1.2 డెసిబెల్సే.

మరునాడు రెండు రెసిస్టర్లు అతికి పెట్టె అవుట్‌పుట్‌ను ప్లేయరు స్థాయికి దించాను. మా ఆవిడ మా వెనుక కూర్చుని, రూపాయి బిళ్లను ఎగరవేసి, బొమ్మ పడితే పెట్టెను, బొరుసు పడితే ప్లేయరును రిమోటుతో ఎంచి, పాల లెక్కల పుస్తకంలో రాసుకుంది. పదహారు సార్లలో మా బావమరిది తొమ్మిది, నేను ఏడు సరిగా చెప్పాము. కళ్లు మూసుకుని ఊహించినా దాదాపు అంతే వస్తుంది. ఇద్దరు మనుషులు ఒక్క మధ్యాహ్నం చేసిన పరీక్షతో లోకానికంతటికీ తీర్పు చెప్పవచ్చా అని మీరు అడగవచ్చు, నేను చెప్పేశాను. అయినా 2007లో ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ పత్రికలో మేయర్, మోరన్ అనే ఇద్దరు ప్రచురించిన పరీక్షలు నా పక్షానే ఉన్నాయి. సీడీ కన్నా ఎక్కువ వివరం ఉన్న రికార్డింగులను సీడీ స్థాయి 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్‌కు కుదించి వినిపించినా, మామూలు శబ్ద స్థాయిలో శ్రోతలు తేడాను పట్టుకోలేకపోయారు. ఉన్నదాన్ని తీసివేస్తేనే తెలియని చెవికి, లేనిదాన్ని లెక్కగట్టి చేర్చితే తెలుస్తుందా?

అప్‌శాంప్లర్ చేసేది ఆ లెక్కే. సెకనుకు 44,100 నమూనాలు ఉన్న సంకేతంలో నమూనాల మధ్య ఉండవలసిన విలువలను గణించి 96,000కో 192,000కో పెంచుతుంది. రికార్డింగులో లేని సంగీతం అందులో నుంచి పుట్టదు. ఈ ఉపాయానికి అసలు ప్రయోజనం డాక్ తరువాత ఉండి, చెవికి వినబడని పై పౌనఃపున్యాలను కోసివేసే అనలాగ్ ఫిల్టరు పనిని సులువు చేయడం. 1982లో సోనీ తన మొదటి ప్లేయరులో 16 బిట్ల చిప్పుతో పాటు నిటారుగా కోసే అనలాగ్ ఫిల్టర్లను పెట్టగా, ఫిలిప్స్ 14 బిట్ల చిప్పుతోనే, నమూనాలను ఇలాగే పెంచే నాలుగు రెట్ల ఓవర్‌శాంప్లింగ్ చేసి నెగ్గుకొచ్చింది. ఆ తరువాత ఆ పద్ధతి దాదాపు ప్రతి డాక్ చిప్పులోనూ చేరిపోయింది. అంటే మీ ప్లేయరు లోపల ఒకసారి చెరిగిన బియ్యాన్నే బయట మరింత ఖరీదైన చేటలో పోసి మళ్లీ చెరుగుతున్నారన్నమాట. ఓవర్‌శాంప్లింగ్, ఫిల్టరు రెండూ లేకుండా కావాలనే తయారుచేసే డాక్‌లు కొన్ని ఉన్నాయి. వాటిలో 20 కిలోహెర్ట్జ్ దగ్గర సుమారు 3 డెసిబెల్స్ తగ్గుతుంది కనుక అక్కడ తేడా వినబడవచ్చు, కానీ ముందు అలాంటి డాక్ ఎందుకు కొన్నారన్నది నా ప్రశ్న.

నాకు అంతకన్నా బాధ కలిగించేది మన పాత తెలుగు పాటల సీడీలు. అరిగిపోయిన టేపుల నుంచి ఎత్తి, బుస పోగొట్టే నెపంతో వయొలిన్ల పై స్వరాలను కూడా తుడిచిపెట్టి, చివరికి అన్నింటినీ ఒకే గట్టితనానికి పెంచి అమ్మినవి నా దగ్గర పాతిక దాకా ఉన్నాయి. వాటిని 192 కిలోహెర్ట్జ్‌కు పెంచితే తుడిచిపెట్టిన స్వరం తిరిగి రాదు. ఆ డబ్బుతో అదే పాటకు సరిగా చేసిన మరో ముద్రణను వెతికి కొనుక్కోవడం మేలు.

మా గదిలో నిజంగా వినబడిన మార్పులు రెండే. పన్నెండు అడుగుల వెడల్పు గదిలో గోడకు ఆనించి ఉంచిన స్పీకర్లను రెండు అడుగులు ముందుకు జరిపితే మృదంగం తొప్పి మోత తేటపడింది. రెండోది, తొప్పి మీద గట్టి దెబ్బ పడినప్పుడల్లా ఎక్కడో సన్నగా జిర్రుమనేది. అది రికార్డింగులోనే ఉందని ఏడాది పాటు అనుకున్నాను, అప్‌శాంప్లర్ వచ్చాక దాన్ని 'కొత్తగా బయటపడిన వివరం' అని కూడా చుట్టాలకు చూపించాను. అది మూలన ఉన్న ఇనుప బీరువా తలుపు. నాలుగు మడతలు పెట్టిన దినపత్రిక కాగితాన్ని సందులో దోపితే ఆగిపోయింది. మా ఆవిడ బీరువా తెరిచినప్పుడల్లా ఆ కాగితం కింద పడుతుంది, ఆవిడ విసుక్కుంటూనే మళ్లీ అక్కడే దోపుతుంది.